స్విచ్చి పెట్టెకి ఒక్క తాళం

ఇంగ్లండు తూర్పు తీరంలో, సముద్రం ఒడ్డున మైలున్నర దూరం నడిచే పాత కరెంటు రైలు. దాన్ని బాగుచేసి నడిపే స్వచ్ఛంద సంఘంలో హెడ్లీ ట్రాంటర్ ముప్పై ఒక్క ఏళ్లుగా పనిచేస్తున్నారు. ఈస్టర్ పండగ సెలవుల్లో, శనివారం ఉదయం పది గంటలకు, సంఘం నుంచి బ్రయనీ ఆయన ఇంటికి వచ్చింది.

"తాళంచెవి ఇక్కడే ఎక్కడో ఉండాలి బ్రయనీ. కూర్చో, వెతుకుతాను."

"ఆ సొరుగు ఇందాకే వెతికారు, హెడ్లీ గారూ."

"మళ్లీ వెతికితే తప్పేముంది? టీలో పాలు పొయ్యనా?"

"టైము లేదండీ. పదకొండుకి మొదటి బండి. జనం అప్పుడే వరస కట్టారు. పట్టాకి కరెంటు ఇద్దామంటే స్విచ్చి పెట్టెకి మీ తాళం వేలాడుతోంది."

"నాదేనా?"

"దానికి కట్టిన బిళ్ల మీద మీ పేరుంది. గురువారం పనికి దిగేముందు, ఎవరూ కరెంటు వెయ్యకుండా పెట్టెకి తలా ఒక తాళం వేశాం. పని అయ్యాక పట్టాల మీంచి పైకొచ్చి ఎవరి తాళం వాళ్లం తీసుకున్నాం. మీదొక్కటే ఉండిపోయింది."

"మరిచిపోయుంటాను."

"ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్కసారి మరిచిపోలేదు."

"చూపు మందగించిందని డాక్టరు రాశాడుగా. మతి కూడా మందగించిందనుకో. పాలు?"

"కొంచెం పొయ్యండి. డెస్మండ్ ఆరుసార్లు ఫోన్ చేశాడు. ఎత్తలేదేం?"

"వినబడలేదు."

"ఫోన్ ఈ బల్ల మీదే ఉంది."

"డెస్మండ్ చేస్తే నాకు వినబడదు."

"డాక్టరు అలా రాశాక, సంఘం ఛైర్మన్‌గా అతను చెప్పక తప్పదు కదండీ."

"చెప్పొచ్చు. గురువారం అందరూ శాండ్‌విచ్ తింటుండగా చెప్పాలా? ఇక పట్టాల మీదకి దిగొద్దు, ప్రయాణికుడిగా రండి, టికెట్ అడగం అన్నాడు. టికెట్ అడగడట!"

"మాకెవరికీ ముందు తెలియదు."

"తెలిశాకైనా ఎవరైనా నోరు విప్పారా? నువ్వు విప్పావా?"

"లేదు."

"అల్లం బిస్కెట్ తీసుకో."

"రెండు కప్పులు పెట్టి ఉంచారు. టై కట్టుకున్నారు. నేను బెల్లు కొట్టక ముందే కెటిల్ కూత వినిపించింది. నేనొస్తానని ఎలా తెలుసు?"

"నువ్వని తెలియదు. ఎవరో ఒకరు రాక తప్పదు. రూలు."

"ఆ రూలు రాసింది మీరే."

"మన వివియన్ చెయ్యి కరెంటుకి కాలాక రాశాను. ఇంటికెళ్లాడనుకుని అతని తాళం కోసి కరెంటు ఇచ్చేశారు. అతనేమో ప్లాట్‌ఫాం కింద బోల్టు బిగిస్తున్నాడు. అందుకే వేసినవాడే తియ్యాలన్నాను. లేదంటే మనవాళ్లలో ఒకరు వెళ్లి, మనిషి పట్టాల మీద లేడని కళ్లారా చూసి చెప్పాలి. అప్పుడే కొయ్యాలి. ఫోన్లో గొంతు చాలదు."

"అంటే తెలిసే వదిలేసి వచ్చారు."

"టీ చల్లారిపోతుంది."

"హెడ్లీ గారూ."

"గురువారం సాయంత్రం నుంచి నేను మాట్లాడిన మొదటి మనిషివి నువ్వే. కొట్లో డబ్బు తీసుకునేది కూడా మిషనే. సరుకు సంచిలో పెట్టండి అంటుంది, అంతే. ఇక మన రైలు షెడ్డుకి రావడం కూడా లేకపోతే వారమంతా ఇంతే. తాళం ఉంటే ఎవరో ఒకరు తలుపు కొడతారనుకున్నా. అంతకు మించి ఆలోచించలేదు."

"పిల్లలు వరసలో నిలబడి ఉన్నారండీ."

"తెలుసు. సిగ్గుగానే ఉంది. ఇదిగో తాళంచెవి. పొద్దున్నుంచీ జేబులోనే ఉంది."

"నేను తీసుకోను. తాళం నాది కాదు. మీరే వచ్చి తియ్యండి. కారు బయటే ఉంది."

"అందరి ముందా? టికెట్ లేని ప్రయాణికుడిలానా? రాను. నన్ను కళ్లారా చూశావుగా, నీ పని అయిపోయింది. ఫోన్ చేసి చెప్పు, కోసేస్తారు. తాళాలు కోసే కట్టరు కొత్తది. నేనే ఎంచి తెచ్చాను. వెన్నలా కోస్తుంది."

"కోశాక మీ పేరున్న బిళ్ల చెత్తలో పారేస్తారు."

"పారెయ్యనీ."

"అప్పట్లో మా ఆయన పోయి నెల కాకముందే వచ్చి షెడ్డు గుమ్మంలో నిలబడ్డాను. ఎందుకొచ్చావని మీరు అడగలేదు. చేతికి బ్రష్ ఇచ్చి, ఆ కిటికీ చట్రం రుద్దు అన్నారు."

"రుద్దావు. అద్దం పగలగొట్టావు."

"ఒక్కటే."

"రెండు. అదిగో, నీ ఫోన్ మోగుతోంది."

"మోగనీ."

"డెస్మండే అయ్యుంటాడు. ఎత్తు, ఎత్తి చెప్పెయ్. జనాన్ని ఎంతసేపు నిలబెడతారు?"

"హలో... ఆ, ఇంటి దగ్గరే ఉన్నా డెస్మండ్... లేదు. ఆయన ఇంకా కనిపించలేదు. ఆ తాళం మీద ఎవరూ చెయ్యి వెయ్యొద్దు. వేసిన మనిషే వచ్చి తియ్యాలి, రూలు."