డ్రిల్లు మాస్టారి తర్వాత అందరం

ఏడుస్తావేమే అమ్మడూ, పోయింది నేను కదా! నాయనమ్మ ఫొటో కింద "కీర్తిశేషులు" అని వేసిందీ నువ్వే, ముక్కు ఎర్రగా చేసుకుని కూర్చున్నదీ నువ్వే. బాగుంది వరస!

పేజీ మొత్తం తీసేస్తానంటావా? ఐదింటికి మా బళ్ళో పాత విద్యార్థుల సభ. పెద్ద తెర మీద వెయ్యాల్సింది అదే కదా. చేతకాలేదని చెప్పేస్తే రెండో పని ఎవరిస్తారే నీకు? జరుగు. ముప్ఫై ఏళ్ళు బెంచీల మధ్య తిరిగినదాన్ని, తప్పెక్కడుందో వాసన పట్టేస్తాను.

కార్డు అచ్చు ఒక్కటే రాశావు. పేరూ ఫొటో మారుతూ అదే అచ్చు టీచరుకొకటి చొప్పున పడుతుంది. అంతేనా? డ్రిల్లు మాస్టారి ముందు దాకా అందరూ బతికే ఉన్నారు. ఆయన పోయారు, పాపం, నిజంగానే. ఆయన తర్వాత నేను, కుట్టు టీచరు, సైన్సు మాస్టారు... వరసపెట్టి అందరం పోయాం! చూశావా?

ఆ "కీర్తిశేషులు" మాట దాచుకునే వేరియబుల్ ఎక్కడ పుట్టించావు? కార్డు బయట, పేజీ పైన. మొదట్లో ఒక్కసారి ఖాళీగా పెట్టావు. మాస్టారి దగ్గర నిండింది. మరి తర్వాత ఎవరు తుడిచారు?

నేనూ చేశానులే. పరీక్ష పేపర్లు దిద్దుతూ, ఒక పిల్ల మార్కుల మీదే తర్వాతి పిల్ల మార్కులు కూడేశాను. నూటికి నూట పదిహేడు! వాళ్ళ నాన్న వీధంతా చెప్పుకున్నాడు. పేపరు మారితే సున్నా నుంచి మొదలెట్టాలి కదా.

దాన్ని కార్డు లోపలికి తీసుకురా. కార్డు మొదలవగానే ఖాళీగా పుట్టాలి, ఆ కార్డుతోనే పోవాలి. ఆగాగు, వరస నంబరు తేకు! అది బయటే బతకాలి. లోపలికొస్తే అందరూ ఒకటో నంబరే.

పేజీ అందరికీ పంపేముందు మొదటి ఇద్దరి కార్డులే సరిచూశావా? ఇద్దరూ బతికున్నవాళ్ళాయె! తప్పెలా కనపడుతుంది?

ఆఁ, కళ్ళు తుడుచుకున్నావు. శభాష్! ఇక బతికించు మమ్మల్ని.

ఉండుండు. సరిచేసింది పంపే ఆ మీట ఇప్పుడే నొక్కకు.

ఒక మాట... మీ అమ్మకి చెప్పకు. పొద్దున నీ పేజీ చూసి లెక్కల టీచరు ఫోన్ చేసింది. స్టాఫ్ రూములో ఇరవై ఏళ్ళు నాతో మాటల్లేవు, ఆవిడ వెక్కి వెక్కి ఏడ్చింది! "అలా పాఠం చెప్పేవాళ్ళు ఇంకెవరున్నారండీ" అంది. నేను... "పోయినావిడ చెల్లెల్నండీ" అన్నాను. మరేం చెయ్యను, అంత బాగా చెబుతుంటే మధ్యలో ఆపమంటావా? తర్వాత ఇంకో ముగ్గురు.

ఇప్పుడింకా మూడేగా. నాలుగున్నరకి సరిచేద్దువుగానీలే.

హెడ్మాస్టరుగారు ఇంకా ఫోన్ చెయ్యలేదు.