భూపతి పెంచిన చేప

కామత్‌ఘర్‌లో లస్మయ్య చాయ్ బండి దగ్గర భూపతి నోరు విప్పాడంటే మరమగ్గాల సాంచల చప్పుడు కూడా చిన్నబోతుంది. పక్క బిల్డింగు టాంకీ నింపే పని ఆయనదే. మోటరు గది చాబి ఆయన జేబులోనే ఉంది. నల్లా నీళ్లు వచ్చే గంట సగం గడిచింది. ఈ గంట దాటితే మళ్లీ రేపే. ఆ బిల్డింగులోనే ఉండే దత్తాత్రి ఇంట్లో ఇవాళ మనవడి పురుడు. ఇంటినిండా చుట్టాలు, చెంబెడు నీళ్లు లేవు.

“చాబియ్యి భూపతీ, మోటర్ నేనే ఏస్త,” అన్నాడు దత్తాత్రి.

“ఆగు బావా, చెప్తున్న గద! దోమలు ఎక్కువైనయని టాంకీల గోరంత చేపను ఇడిసిన. తెల్లారేసరికి దోమపిల్లలన్నీ సాఫ్! ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా?”

“నీళ్లు పోతయ్‌రా!”

“తిని తిని టాంకీల పట్టకుంటైంది. పైపుల దూరి వరాలా తలావ్ చెరువుల పడ్డది. ఆడి దోమలు దాన్ని చూసి, మూటాముల్లె సర్దుకొని భివండి రోడ్ టేషన్ల రైలెక్కినయి.”

“ఆడ మనకే రైలు దొరకది, దోమలకెట్ల దొరికె?” అన్నాడు లస్మయ్య.

“అందుకే రెండు దినాలు ప్లాట్‌ఫారం మీదనే పండుకున్నయి! ఇగ చేప ఎదురీదుకుంట డ్యాముకే పోయింది. తోకతోని ఒక్కటి కొడితే నడి ఎండకాలంల గేట్లెత్తిన్రు. ‘భూపతి సేఠ్, నీ చేపను పిలుచుకో, ఊర్లు మునుగుతున్నయి’ అని ఇంజనీర్ల ఫోను! ఒక్క ఈల ఏసిన. సగం డ్యాము నోట్ల పట్టుకొచ్చి మన టాంకీల కక్కింది. ఇగ మోటర్ ఎందుకు బావా?”

దత్తాత్రి పళ్లు నూరాడు. పని ఎగ్గొట్టేవాడికి మాటే పని.

అంతలో దత్తాత్రి భార్య బుచ్చమ్మ మిద్దె దిగి, పిడికిలి బిగించుకుని విసవిసా వచ్చింది. ఖాళీ చాయ్ గ్లాసులో బండి మీది బిందె నీళ్లు పోసి, పిడికిలి తెరిచింది.

“టాంకీ అడుగు బురదల కొట్టుకుంటున్నది, తమ్మీ. డ్యాము మోసుకొచ్చినదానికి మునిగేటన్ని నీళ్లు లెవ్వు.”

చిన్న చేప గ్లాసులో ఒక్కసారి ఒరిగి, తేరుకుని, గిరగిరా తిరిగింది. గ్లాసులో ఇంకా బోలెడు చోటు మిగిలింది.

“ఇది దాని పిల్లనేమో...” అన్నాడు భూపతి సన్నగా.

ఎవరూ నవ్వలేదు. దత్తాత్రి భూపతి జేబులో చెయ్యి పెట్టి చాబి తీసుకుని ఉరికాడు. మోటరు మోగేదాకా అందరూ గ్లాసునే చూస్తూ నిలబడ్డారు.