బల్ల మీద రెండు సున్నాలు

భోజనాల బల్ల మీద గళ్ల కాగితం పరిచి ఉంది. షేరు ధర అయిదు రూపాయలు పెరిగితే గడిలో ఇంటూ, పడితే పక్క వరసలో అయిదుకో సున్నా; కాకపోతే మూడు గడులంత పడితేనే సున్నాలు వేయడం మొదలు. అక్క మొగుడు పెన్సిలుతో గీసిన పట్టిక అది. ఆయన కూర్చోమన్నా మరదలు కూర్చోలేదు.

"మూడు సున్నాలు పడగానే నా షేర్లు అమ్మేస్తానన్నావు, బావా."

"అన్నాను. పడలేదుగా? కళ్లుంటే చూడు, అన్నీ ఇంటూలే."

"పదిహేను తగ్గితే మూడు సున్నాలు. ఈ నెల్లో యాభై అయిదు తగ్గింది."

"ఈ లెక్కలో నెలలూ తారీఖులూ ఉండవు. తెలియనిదాంట్లో వేలు పెట్టకు."

"తారీఖులు లేకపోతే పోనీ. పైన గడికి అయిదు అని ఉన్నది చెరిపి ఇరవై అని రాసిందెవరు?"

"చిన్న గడి ఊరికే కంగారు పెడుతుంది."

"గడి ఇరవై అయితే అరవై తగ్గేదాకా ఒక్క సున్నా కూడా రాదు. జ్వరం వచ్చిందని థర్మామీటరు మార్చేశావన్నమాట!"

"ఆ షేరు కొనమన్నది నేనే. సున్నాలు వేస్తే మీ అక్క నన్ను బతకనిస్తుందా?"

"అందుకని నన్ను ముంచావా? ఇలా ఇవ్వు పెన్సిలు."

ఆమె యాభై అయిదుకి అయిదుకొకటి చొప్పున సున్నాలు కిందికి దించుకుంటూ పోయింది. తొమ్మిదో సున్నాకి కాగితం అయిపోయింది.

"చాల్లే, ఆపు."

"ఇంకా రెండున్నాయి. బల్ల మీద గీస్తున్నా. తుడిచేటప్పుడు అక్క ఇవేంటని అడుగుతుంది, నువ్వే చెప్పు."