ఒక్కరికే సరిపోయే టెంటు

అధ్యక్షత వహిస్తున్న జనరల్ మేనేజరు గారికి, వేదిక మీదున్న పెద్దలకు, పెద్దనాన్న స్నేహితులకు, ఈ ప్రసంగాలు ఎప్పుడు అయిపోతాయా అని వెనక వరసలో గోడగడియారం చూస్తున్న సర్వీసింగ్ విభాగం వాళ్ళకు నమస్కారం. (నవ్వులు)

మైకును నా ఎత్తుకు దించిన ఆయనకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు. నేను పదిమందిలో మాట్లాడే మనిషిని కాను. కాన్వెంటులో చదివే రోజుల్లో, ప్రార్థనయ్యాక వార్తలు చదివే వంతు వచ్చిందంటే నాకు నిజంగానే జ్వరం వచ్చేది. అందుకని రాసుకొచ్చాను. తలెత్తకుండా చదువుతాను, ఏమీ అనుకోకండి.

నేను ఇవాళ మీరు రిటైర్మెంటు సన్మానం చేస్తున్న ఆయన తమ్ముడి కూతుర్ని. మా అమ్మానాన్నలవి ఊళ్ళు మారే ఉద్యోగాలు. చదువు చెడిపోతుందని చిన్నప్పుడే నన్ను పెద్దనాన్న, పెద్దమ్మల దగ్గర వదిలారు. ఇప్పటికీ అక్కడే ఉన్నాను. పిల్లల పుస్తకాలు వేసే సంస్థలో ప్రూఫులు దిద్దుతాను.

నాకంటే ముందు మాట్లాడిన పెద్దలందరూ పెద్దనాన్నను ప్రకృతి ప్రేమికుడన్నారు. ఒకరైతే అడవి తల్లి బిడ్డ అన్నారు. ఆ బిడ్డ ఇవాళ పొద్దున గీజరు పనిచేయడం లేదని స్నానం మానేద్దామా అని ఆలోచించి, పెద్దమ్మ పొయ్యి మీద నీళ్ళు కాచి ఇచ్చాక బయల్దేరారు. (నవ్వులు) నవ్వకండి పెద్దనాన్నా, మీ గురించే చెబుతున్నాను.

ఆయన ఉద్యోగం మీకు తెలిసిందే. ఆసుపత్రులకు, సినిమా హాళ్ళకు, పెద్దపెద్ద ఆఫీసులకు ఏసీ గొట్టాలు ఎటు నుంచి ఎటు పోవాలో గీసి ఇవ్వడం. ఒక్క మాటలో చెప్పాలంటే, బయటి గాలి లోపలికి రాకుండా చూడటం. ఆ పని ఆయన చాలా బాగా చేశారని మీరే అంటున్నారు కాబట్టి నేను కాదనను. కానీ ఉద్యోగం చేసినన్నాళ్ళూ మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర ఆయన చెప్పింది మాత్రం వేరే సంగతి. రిటైరయ్యాక ఆరుబయట బతుకుతాను, టెంటు వేసుకుంటాను, తర్వాత నా చేతులతో నేనే గుడిసె కట్టుకుంటాను, వాగు నీళ్ళు తాగుతాను, పక్షులు లేచినప్పుడు లేస్తాను. పక్షులు లేచే వేళకు ఈయన లేవడం మా ఇంట్లో ఎవరూ చూడలేదు. మీరు మాత్రం క్యారియర్లు విప్పుకుంటూ అన్నీ నమ్మారు. ఇప్పుడు అడవి అంచున స్నేహితుడొకాయన స్థలం ఇస్తానన్నాడు. కంపెనీ క్వార్టర్సు ఎలాగూ ఖాళీ చెయ్యాలి. కాబట్టి ఈ నెలాఖరుకల్లా వెళ్ళిపోతున్నామని పెద్దనాన్న ప్రకటించారు. వెళ్ళిపోతున్నామన్నారా, వెళ్ళిపోతున్నానన్నారా అన్నది మనం తర్వాత చూద్దాం.

ఈ కోరిక ఎక్కడి నుంచి వచ్చిందో నాకు బాగా తెలుసు. పిల్లల సాహస కథల నుంచి. ఓడ మునిగి దీవికి కొట్టుకొచ్చిన పిల్లాడు, విమానం కూలి మంచుకొండ మీద మిగిలిన పిల్లాడు, ఇంటి మీద అలిగి చెట్టు తొర్రలో కాపురం పెట్టిన పిల్లాడు. పెద్దనాన్న వాటిని తన చిన్నతనంలో చదివి దాచుకున్నారు, నేను వచ్చాక నాకు చదివి వినిపించారు. ఇప్పుడు వాటిలాంటివే ఏడాది పొడుగునా మా సంస్థకు వస్తుంటాయి. ప్రూఫులు దిద్దేది నేను కాబట్టి ఒక్కో కథ రెండేసి సార్లు చదవాలి. ఆ శిక్ష మీకెవరికీ పడకూడదని కోరుకుంటున్నాను.

ఆ కథల్లో పిల్లాడికి ఒక చాకు ఉంటుంది. ఎంత వాడినా మొద్దుబారదు. వర్షం సరిగ్గా వాడు పైకప్పు కప్పుకున్నాకే కురుస్తుంది. వాడు తిన్న కాయ ఎప్పుడూ మంచి కాయే. వాడికి విరేచనాలు కావు. దోమలు వాడి జోలికి రావు, వచ్చినా ఒక్క పేరాలో వెళ్ళిపోతాయి. రెండు చలికాలాలు గడిపినా చొక్కా పొట్టి కాదు. ఈమధ్య అమ్మాయిలతో కూడా రాస్తున్నారు. అడవిలో ఏడాది ఉన్న అమ్మాయికి నెలనెలా ఏ ఇబ్బందీ రాదు. వేదిక మీద పెద్దలున్నారు, ఇంతకంటే చెప్పను. (నవ్వులు)

వీటన్నిటికంటే వింత ఇంకొకటి ఉంది. మూడో పేజీకల్లా తల్లిని తీసేస్తారు. ముంచేస్తారు, లేదా ఊరికి పంపేస్తారు, లేదా అసలు పుట్టించరు. తల్లి ఉంటే స్వెటరు వేసుకోమంటుంది, కథ ఆగిపోతుంది. మొన్న ఒక కథలో పిల్లాడు చెప్పకుండా ఇల్లు విడిచి ఏడాది అడవిలో బతికి, చివర్లో నవ్వుతూ తిరిగొస్తాడు. ఈ ఏడాదంతా వాళ్ళమ్మ ఏం చేసింది అని ప్రూఫు పక్కన రాశాను. రచయిత ఫోను చేసి, "అమ్మాయ్, అది కథకి అవసరం లేదమ్మా" అన్నారు. ఆవిడకు అవసరమేమో కదండీ అన్నాను. "నీకు సాహసం అంటే అర్థం కాదు" అన్నారు. నిజమే, నాకు అర్థం కాదు. మిమ్మల్ని ఎవరూ ఏమీ అడగలేని చోటుకు వెళ్ళిపోయి, దానికి ధైర్యం అని పేరు పెట్టుకోవడం నాకు అర్థం కాదు.

(విరామం. నీళ్ళు తాగుతారు.)

మా పెద్దమ్మ పళ్ళ డాక్టరు దగ్గర నర్సు. ముందు వరసలో నీలం చీర. చాలామంది ఆవిణ్ణి ఇవాళే చూస్తున్నట్టున్నారు. పెద్దనాన్న నాకు చెట్టు తొర్ర కథ చదువుతుంటే ఆవిడ బట్టలు మడతపెడుతూ ఒకసారి అడిగింది, "ఏమండీ, అన్నాళ్ళు తొర్రలో ఉన్నాడు కదా, వాడికి పన్ను నొప్పి రాదా?" అని. పెద్దనాన్న పుస్తకం మీంచి చూపు తిప్పకుండా, "కథ మధ్యలో అడ్డు రాకు" అన్నారు. అదేమీ హేళన ప్రశ్న కాదు. ఆవిడ రోజూ చూసేది అదే, తెలుసుకుందామని అడిగింది. అప్పుడు జవాబు రాలేదు. ఇప్పటికీ రాలేదు.

పెద్దనాన్న సాధన కూడా చేశారని మీకు చెప్పే ఉంటారు. డాబా మీద ఒక రోజంతా ఒంటరిగా బతికారని. నేను ప్రత్యక్ష సాక్షిని. ఒక ఆదివారం పొద్దున్నే ఆయన, పెద్దమ్మ దాచుకున్న మంచి దుప్పటి పట్టుకెళ్ళి నీళ్ళ ట్యాంకు గొట్టానికి, పిట్టగోడకు కట్టి దాని కింద పడుకున్నారు. తర్వాత కేక వినబడింది. "అమ్మాయ్, దిండు." ఇచ్చొచ్చాను. "అమ్మాయ్, మంచినీళ్ళు." ఇచ్చొచ్చాను. "పేపరు. కళ్ళజోడు. ఇది కాదమ్మా, చదువుకునేది." పెద్దమ్మ అన్నం కలిపి పంపితే, అరణ్యంలో ప్లేటెందుకని ముందు కోప్పడి, తర్వాత పెరుగేదని అడిగారు. (నవ్వులు) సాయంత్రం దుప్పటి చుట్టుకుని దిగొచ్చి, మెట్ల మీద కూలబడ్డ నన్ను చూసి ఏమన్నారో తెలుసా? "చూశావా, ఒకరి సాయం లేకుండా రోజంతా గడిపాను." అబద్ధం చెబుతున్న మొహం కాదది. పూర్తిగా నమ్మి అన్నారు. నాకు నవ్వు రాలేదు, భయమేసింది.

ఇంత ఎగతాళి చేశాను కాబట్టి ఒక మాట ఒప్పుకోవాలి. ఈ ఇంటికి వచ్చిన కొత్తలో నాకు నిద్ర పట్టేది కాదు. అప్పుడు పెద్దనాన్న చదివేవారు. ఆఫీసులో ఎంత అలిసిపోయినా, తోడేలు వచ్చే చోట గొంతు మార్చి మరీ చదివేవారు. ఆ దీవులు, ఆ కొండలు నాకు ఒక్కటీ నచ్చలేదు. ఆ గొంతు నచ్చేది. అందుకే ఇవాళ ఈ మైకు ముందుకు వచ్చాను.

ఇక అసలు సంగతి. బల్ల మీద రంగు కాగితం చుట్టి ఉన్న ఆ కానుక మీరందరూ కలిసి కొన్నది. లోపల ఉన్నది టెంటు. పెద్దనాన్నకు ఇప్పుడు తెలిసిపోయింది, క్షమించాలి. కొనడానికి వెళ్ళినప్పుడు ఇంటి మనిషి ఉంటే బాగుంటుందని నన్నూ తీసుకెళ్ళారు. షాపులో కుర్చీలో కూర్చున్న ఆవిడ తలెత్తి, "ఎంతమందికండీ?" అని అడిగింది. మీలో ముగ్గురు, ఇక్కడే ఉన్నారు, వేలు చూపించను, ముగ్గురూ ఒకేసారి "ఒక్కరికే" అన్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఆలోచించలేదు. ఇన్నేళ్ళుగా భోజనాల బల్ల దగ్గర మీరు విన్న కథలో ఉన్నది ఒక్కరే కదా, మీరు మాత్రం ఏం చేస్తారు? అది చాలా నాణ్యమైన టెంటు. గాలి వానకు ఆగుతుందట. ఇద్దరు మాత్రం పట్టరు.

ఇంటికెళ్ళి పెద్దమ్మకు చెప్పాను. ఆవిడ చాలాసేపు నవ్వింది. నవ్వీ నవ్వీ స్టూలు లాక్కుని కూర్చుంది. తర్వాత, "పోనీలే, నేనెక్కడ పడుకోవాలా అని ఇన్నాళ్ళూ ఆలోచిస్తున్నాను, తెలిసిపోయింది" అంది.

పెద్దనాన్నా, పెద్దమ్మ క్లినిక్కు దగ్గర ఇల్లు అద్దెకు తీసుకుంది. రెండు గదులు, మూడో అంతస్తు. సోమవారం మారుతున్నాం, ఆవిడా నేనూ. ఆవిడకు ఇంకా కొన్నేళ్ళ ఉద్యోగం ఉంది. ఆ సంగతి మీకు గుర్తుందో లేదో ఆవిడకు తెలియదు, మీరెప్పుడూ ఎత్తలేదు కాబట్టి.

(హాలులో కలకలం)

దయచేసి కూర్చోండి. ఇది నా సొంత తెలివి కాదు. ఇంట్లోనే చెప్పొచ్చు కదా పెద్దమ్మా అని నేనూ అడిగాను. "నేను చెబితే ఊఁ కొట్టి పేపరు తిరగేస్తారే. మైకులో ఎవరు మాట్లాడినా మాత్రం మెడ చాచి వింటారు. నువ్వు చదువు" అంది. అందుకని చదువుతున్నాను. ఏమంటున్నారు పెద్దనాన్నా? వినబడటం లేదు. ఆ రెండో మైకు ఆయనకు ఇవ్వండి.

(పెద్దనాన్న మైకు అందుకున్నారు.)

"ఏంటిది? నిజమేనా?"

"నిజమే," అంది పెద్దమ్మ లేవకుండానే. "మైకు దగ్గరగా పెట్టుకోండి, వెనక వాళ్ళకి వినబడట్లేదు." (నవ్వులు)

"మరి నువ్వు రావా?"

"ఎక్కడికి?"

"అదే... అక్కడికి. అడవి దగ్గరికి."

"నన్నెప్పుడు రమ్మన్నారు?"

(పెద్దనాన్న కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకున్నారు.)

"రమ్మనడమేంటి? నువ్వెలాగూ వస్తావు కదా అనుకున్నాను."

"మీరు అనుకున్నారు. నాకు తెలియొద్దూ?"

జనరల్ మేనేజరు గారు కల్పించుకుని, "అమ్మా, ఇవన్నీ ఇంటికెళ్ళాక తీరిగ్గా మాట్లాడుకుంటే..." అన్నారు.

"ఇంట్లో వినరండీ," అంది పెద్దమ్మ. (నవ్వులు. పెద్దనాన్న నవ్వలేదు.)

"సరే. ఇప్పుడడుగుతున్నాను. వస్తావా?"

"ఇంతమందిలోనా?"

"ఇంతమందిలోనే. వస్తావా?"

పెద్దమ్మ ఒళ్ళోని సంచీ తీసి పక్క కుర్చీలో పెట్టింది.

"ఆలోచించుకుని చెప్తాను."

"ఎప్పుడు చెప్తావు?"

"ఆలోచించుకున్నాక. సోమవారం మాత్రం సామాన్లు మోయడానికి రండి. మూడో అంతస్తు. లిఫ్టు లేదు." (నవ్వులు, చప్పట్లు)

మాట్లాడే వంతు మళ్ళీ నాకు ఇచ్చినందుకు కృతజ్ఞతలు. నా కాగితాల్లో ఇంకో పేజీ మిగిలింది. అందులో సాహస కథల మీద ఇంకా చాలా తిట్లున్నాయి. చదవను. ఒక్కటి మాత్రం చెబుతాను. నేను ప్రూఫు దిద్దిన ఏ కథలోనూ ఆ పిల్లాడు ఇంకో మనిషిని ఏదీ అడగడు. వాడు నిప్పు రాజేస్తాడు, తెప్ప కడతాడు, పామును చంపుతాడు, అడగడం మాత్రం చెయ్యడు. పెద్దనాన్న ఇప్పుడే అడిగారు. ఒకసారి కాదు, రెండుసార్లు, ఇంతమందిలో. నేను ఇంతవరకు ఆయనలో చూసిన సాహసం అదొక్కటే, అందుకు ఆయన్ను మనస్ఫూర్తిగా అభినందిస్తున్నాను.

ఈ సభ ఏర్పాటు చేసిన కంపెనీ వారికి, ఎంతో ప్రేమతో కానుక తెచ్చిన స్నేహితులకు, నేను చదువుతూ తడబడినప్పుడల్లా గమనించనట్టు కూర్చున్న ముందు వరసకు కృతజ్ఞతలు. సభ ముగిశాక మీలో కొందరు పెద్దమ్మ దగ్గరకు వచ్చి వెళ్ళమ్మా అంటారు, కొందరు వద్దమ్మా అంటారు. దయచేసి ఏదీ అనకండి. ఆవిడ ఆలోచించుకుంటోంది.

సెలవు.