బయోడేటా కింద ఫోన్ నంబర్

శంషాబాద్ బస్టాండు ఎదురుగా ఈశ్వరయ్య చాయ్ హోటల్, దాని పక్కనే మల్లేశ్వర్ జిరాక్స్ షాపు. పాల్మాకుల రేణుకమ్మ తన కొడుకు జీవన్ సర్టిఫికెట్లు ఒళ్లో పెట్టుకుని హోటల్ బల్ల మీద కూర్చుంది. ఉన్న చేను ఎయిర్‌పోర్టు కింద పోయాక ఆ పిల్లవాడు రింగురోడ్డు పనిలో కంకర మోస్తున్నాడు. ఎయిర్‌పోర్టులో ఉద్యోగానికి బయోడేటా ఇవ్వడానికి ఆ సాయంత్రమే ఆఖరు. బయోడేటాలు రాసిచ్చే మల్లేశ్వర్‌కు అన్నీ చెప్పింది గానీ ఫోన్ నంబర్ దగ్గర ఆగిపోయింది. వాళ్లింట్లో ఫోన్ లేదు. మల్లేశ్వర్ నోరు తెరవడానికి అంత సందు చాలు.

“నా నంబర్ పెడ్త అక్కా, పరేషాన్ గాకు. మన దిక్కు ఎవ్వని బయోడేటా చూసినా కింద నా నంబరే ఉంటది. మొదాలు రాసింది మన పాండుకు. పదోది తప్పిండు, బర్లు కాసుడు తప్ప ఏం తెల్వదు. ‘అనుభవం’ అన్నకాడ ఏం రాస్తవన్నా అని ఏడ్పు మొఖం పెట్టిండు. నేనేం రాసిన్నో ఎర్కనా? ‘రోజూ పొద్దుమాపు నలభై బర్లను, ఒక్కదానికి దెబ్బ తగలకుండ, బెంగుళూరు రోడ్డు దాటించిన అనుభవం’ అని రాసిన. మూడు దినాలల్ల పిలిచిండ్రు. ఇయ్యాల లోపల సామాన్ల బండి తోల్తుండు.”

“అది నిజమే,” అన్నాడు ఈశ్వరయ్య చాయ్ వడపోస్తూ.

“జర ఆగు, అసలు సంగతి ముందుంది. గా కాయిదం చదివి ఆఫీసరు కుర్చీల కెళ్లి లేచి నిలబడ్డడు, గిది రాసినోన్ని తోల్కరమ్మన్నడు, నేను పోయిన. ‘విమానం గుంజే ట్రాక్టరు ఖరాబైంది మల్లేశ్వర్ గారూ, ఎవల్నన్న చూడుండ్రి’ అన్నడు. ఎవలున్నరు? మన గోపయ్య కాక ఎర్రెద్దు లేదా? దానికి రాసిన బయోడేటా. పేరు, తండ్రి పేరు, పదకొండేండ్ల అనుభవం, చెడు అలవాట్లు లేవు. ఇంటర్వ్యూల ఏమడిగినా తలకాయ ఊపింది, ఒక్క మాట ఎదురు చెప్పలే, గక్కడికక్కడే నౌకరి ఇచ్చిండ్రు! ఆ తర్వాత ఏమైందో ఎర్కనా? రెండొందల మంది కూసున్న విమానాన్ని గుంజుకుంట పోయి రన్‌వే నడుమ ఆగింది. అదిలిస్తే కదలది. ఎందుకు? గది గోపయ్య కాక జొన్నచేను ఉండె జాగ. గుర్తుపట్టింది. విమానం ఎన్కనే ఉండంగ మూడు సాళ్లు దున్ని గాని రాలే.”

నవ్వబోయినవాళ్లు సగంలో ఆగారు. మూలన కూర్చున్న గోపయ్య గ్లాసు కింద పెట్టాడు.

“చేను పోయిన యేడే దాన్ని అమ్మేసిన. ఎందుకు యాదిజేస్తవ్‌రా?”

మల్లేశ్వర్‌కూ ఎక్కడో కలుక్కుమంది. అతని రెండెకరాలూ ఆ రన్‌వే కిందే ఉన్నాయి. అలా బాధ కలిగినప్పుడల్లా అతను ఇంకా పెద్ద కోతే కోస్తాడు.

“సరే, ఎద్దును ఇడ్సిపెట్టు కాకా. ఫోన్ల సంగతి విను. ఢిల్లీకెళ్లి చేస్తరు, దుబాయ్ కెళ్లి చేస్తరు, అందరిదీ ఇంగ్లీషే. నేను ఇంగ్లీషు ఎత్తుకున్ననంటే ఇగ ఆగుడు లేదు. మొన్న నేను మాట్లాడుతుంటే దిగబోయే విమానం దిగకుండ హిమాయత్ సాగర్ మీద ఏడు చుట్లు తిరిగింది. పైలట్ కిటికీల కెళ్లి తలకాయ బయటపెట్టి, ‘జర పెద్దగ మాట్లాడన్నా, నేను గూడ నేర్చుకుంట’ అన్నడు!”

రేణుకమ్మ నవ్వింది. కాగితాలు చేతికివ్వబోతూ, “అయితే నీ నంబరే రాయి తమ్మీ,” అంది.

“ఆగు చిన్నమ్మా.”

గోపయ్య కూతురు కళ్యాణి. ఎయిర్‌పోర్టులో ఊడ్చే పని ఆమెది. షిఫ్టు దిగి, యూనిఫాం కూడా మార్చకుండా, ఈమధ్యే కొన్న ఫోన్ చేత్తో పట్టుకుని తండ్రి కోసం వచ్చి నిలబడింది.

“అన్నా, పోయిన యేడు నాకు గూడ రాసినవ్ గదా. రోజూ నీ షాపు ముంగట నిలబడి ఫోనొచ్చిందా అని అడిగిన.”

“రాలే చెల్లె. వస్తే చెప్పకపోదునా?”

“నిన్న ఆఫీసుల నేల తుడుస్తున్న. గక్కడి మేడమ్ నా మెడల కార్డు చదివింది. ‘పాల్మాకుల కళ్యాణివా? నాట్లప్పుడు అరవై మంది కూలోల్లకు పని పంచిన పిల్లవు నువ్వేనా?’ అని హిందీల అడిగింది. నువ్వు రాసిన మాటే అన్నా. యేడాదైనా యాదిపెట్టుకున్నది, గంత మంచిగ రాసినవ్. మూడుసార్లు ఫోన్ చేసిందంట. ఎవరో మగాయన ఎత్తి, ఏమడిగినా ‘ఎస్ మేడమ్’ అన్నడంట. ఆ పిల్లకు వేరే ఉద్యోగం దొరికిందా అంటే గూడ ‘ఎస్ మేడమ్’ అన్నడంట.”

ఆమె గొంతు పెంచలేదు. తిట్టినా బాగుండేదని అక్కడున్న అందరికీ అనిపించింది. గోపయ్య కూతురి వంక చూడలేక తల దించుకున్నాడు. ఫోన్ రాలేదంటే, నీకంత చదువు లేదులే బిడ్డా అని ఓదార్చింది తనే.

మల్లేశ్వర్ వచ్చి బల్ల చివర కూర్చున్నాడు.

“నాకు ఇంగ్లీషు రాదు చెల్లె. నేను తెలుగుల రాసిస్త, ఆరాంఘర్ కాడ ఒక సారు ఇంగ్లీషు చేసిస్తడు. హిందీల మాట్లాడు మేడమ్ అందామంటే సిగ్గయింది. గంత ఇంగ్లీషు రాసినోనికి మాట్లాడ రాదా అంటదని...”

రేణుకమ్మ కాగితాలను కొంగుతో ఒకసారి తుడిచి, అతని చేతిలోనే పెట్టింది.

“రాసుడు నువ్వే రాయి తమ్మీ. నంబర్ మాత్రం కళ్యాణిది పెట్టు.”

“ఇంకెంతమందికి వచ్చినయ్‌రా గట్ల ఫోన్లు?” అని అడిగాడు గోపయ్య.

మల్లేశ్వర్ జీవన్ సర్టిఫికెట్లను బల్ల మీద సరిచేసి పెట్టాడు.

“తెల్వదు కాకా. అందరికీ ఎస్సే అన్న.”