బొజ్జన్న మామ ముఖం

పెద్దలారా, అమ్మలారా, మా మామ బొజ్జన్న పోయి పదకొండు రోజులైంది. ఇంత ఎండలో ఇందరు వచ్చారు. సభలో మాట్లాడటం నాకిదే మొదలు. వినపడకపోతే కాస్త ముందుకు జరగండి.

మామ పని మీకు తెలుసు. పోయినవాళ్ల ఫోటో చూసి, వేలెడంత చెక్క బొమ్మకు అచ్చం ఆ మనిషి రంగులే వేసేవారు. ముఖం చింతగింజంత. చెక్క చెక్కేది ఆయన కొడుకు, మా ఆయన అయ్యన్న. రంగులు నూరేది నేను.

కోసిగి ఈరక్క ఒకసారి భర్త ఫోటో తెచ్చింది. జాతరలో తీయించుకున్నది. ఫోటోలో ఉన్నట్టే మామ నల్ల కోటు వేశారు. ఆమె బొమ్మను తిప్పి తిప్పి చూసి, "ఈ కోటాయన ఎవురప్పా? మా ఆయప్ప యాడ?" అంది. ఆ కోటు ఫోటో తీసేవాళ్లది! మామ దాన్ని గీకేసి, ఆమెను అడిగి అడిగి గొంగడి వేశారు. అప్పుడామె ఏడ్చింది. "ఫోటో ముక్కు కొలత చెప్తాది. మనిషిని ఇంట్లోవాళ్లనే అడగల్ల" అన్నారు మామ.

టీచరమ్మ కృపమణి గారు ఇక్కడే ఉన్నారు, కోప్పడరు. వాళ్లమ్మ బొమ్మకు గడ్డం కింద మామ వేసిన నీడను మసి అనుకుని తడిగుడ్డతో తుడిచేశారు. "ఇప్పుడు సూడమ్మా, ముఖం అప్పడం మాదిరి ఉండాది" అని మామ నవ్వారు. మళ్లీ వేశారు.

ఇప్పుడు మామ బొమ్మకు నన్ను రంగు వేయమన్నారు మీరు. ఎలా వేయను?

ఆరేళ్లు ఆయన వెనక కూర్చుని రంగులు నూరాను. కోడలిని. ఎదుట నిలబడలేదు, తల ఎత్తి ముఖం చూడలేదు. చేతులు తెలుసు. చీలిన బొటనవేలి గోరు తెలుసు. గోరు సందున ఆరని ఇంగిలీకపు ఎరుపు తెలుసు. ముఖం తెలియదు. ఉన్నది ఒకే ఫోటో, ఇరవై ఏళ్లనాటిది. అందులోనూ స్టూడియో కోటే! మా ఆయన్ను అడిగితే, "నాయన నాయన మాదిరే ఉండె" అంటాడు.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. నవ్వితే ఏ బుగ్గ ముడతపడేది? కనుబొమలు ఎంత నెరిశాయి? ఎండకు నుదురు ఏ రంగుకు తిరిగేది?

అందరూ దయచేసి లేచి నిలబడండి. రెండు నిమిషాలు ఏమీ మాట్లాడకండి. ఆయన ముఖాన్ని మనసులో బాగా చూడండి. వెళ్లేటప్పుడు ఒక్కొక్కరు ఒక్క మాట నాకు చెప్పి వెళ్లండి. ఈసారి తల ఎత్తి వింటాను.