జిగురు వద్దన్న పెట్టె

బండ్ల సెన్సర్లకు పెట్టెలు తయారుచేసే చోట, వాటిని నీళ్లలో ముంచి చూసే గది. పెట్టెలు గీసేది మరదలు. ముంచేది బావ.

“మళ్లీనా?”

“మళ్లీనే. మూత తీసి చూడు, లోపలంతా చెమ్మ.”

“చూడక్కర్లేదు. నీ మొహం చూస్తేనే తెలుస్తోంది బావా.”

“మధ్యలో నా మొహం ఏం చేసింది? పెట్టె నీది.”

“రబ్బరు రింగు మార్చాను. గాడి లోతు పెంచాను. మూతకి ఇంకో రెండు క్లిప్పులు పెట్టాను. ఇంకేం చెయ్యమంటావు, ఎక్కి కూర్చోమంటావా దాని మీద?”

“కూర్చుంటే ఆగుతాయంటే కూర్చో.”

“నాకు ఒళ్లు మండిపోతోంది. జోకులొద్దు.”

“సరే మరదలా, సరే. టీ తాగుతావా?”

“వద్దు. నీ ఫోనివ్వు.”

“ఎవరికి?”

“మేనేజరుకి. సాయంత్రంలోగా ఏదో ఒకటి తేల్చమన్నాడు. జిగురే పూద్దామని చెప్పేస్తాను.”

“జిగురా?”

“అవును, జిగురే. మొదటి రోజు నుంచీ నా చెవిలో జోరీగలా అదేగా నీ గోల. చుట్టూ పూసి మూసెయ్, పీడా పోతుందని. ఇదిగో, నువ్వే గెలిచావు. సంతోషమేనా?”

“అంత తొందరేముంది? రేపు చెప్పొచ్చుగా.”

“అదేంటి, ఎగిరి గంతేస్తావనుకున్నాను.”

“నడుం నొప్పి. గంతులు వెయ్యలేను.”

“జిగురు పూస్తే ఆ మూత మళ్లీ రాదు. లోపల ఇంత ముక్క పాడైనా మొత్తం చెత్తలో పడెయ్యడమే. మెకానిక్కు తెరిచి, బాగుచేసి, మళ్లీ మూసేలా ఉండాలనేగా ఇన్నాళ్లూ నిద్ర మానుకుని గీశాను. పోనీ ఇలాగే పంపిద్దామంటే, తడిసిన సెన్సరు బండి వెనకాల మనిషున్నా లేడంటుంది. అంతా వృథా బావా.”

“ఏడుస్తున్నావా?”

“లేదు. కోపం. ఫోనివ్వు.”

“ఛార్జింగు లేదు.”

“ఇప్పుడేగా అక్కతో మాట్లాడావు.”

“అందుకే అయిపోయింది.”

“ఇటు చూసి మాట్లాడు. జిగురంటే ఎందుకలా నీళ్లు నములుతున్నావు?”

“నేనేం నమలట్లేదు. జిగురు… జిగురు కూడా అంత గొప్పదేం కాదంటున్నా.”

“ఎప్పట్నుంచి?”

“మొన్నట్నుంచి.”

“మొన్నేమైంది?”

“ఏం కాలేదు.”

“బావా.”

“మీ అక్కకి చెప్పకు.”

“చెప్పను. కానియ్.”

“నీ పెట్టె ఒకటి తీసుకుని జిగురు పూశాను. నీకు తెలియకుండా. తెచ్చి నీ ముందు పెట్టి, చూశావా, నేను చెప్పలా అందామని. మూత చుట్టూ, వైరు దూరే చోట, ఎక్కడా చీమ దూరే సందు లేదు. బాగా ఆరనిచ్చి, వేడి చేసి, తొట్టిలో ముంచాను.”

“ముంచితే?”

“లోపలికి నీళ్లొచ్చాయి.”

“జిగురు పూసినదాన్లోకా?”

“దాన్లోకే. రంపంతో కోసి చూశాను. మిగతావాటిలో ఎంతుందో అంతే. సిగ్గేసి దాచేశాను.”

“నేనిక్కడ జుట్టు పీక్కుంటుంటే, మొన్నట్నుంచి దాచావా?”

“తిట్టు. తిట్టాల్సిందే.”

“ఉండు, తర్వాత తిడతాను. జిగురు పూసినా వచ్చాయంటే, నీళ్లు మూత దగ్గర రావట్లేదు. రింగు బాగానే ఉంది. నా గాడి బాగానే ఉంది బావా.”

“మరి ఎక్కణ్ణుంచి వస్తున్నాయి? పెట్టెకి ఇంకో దారి లేదుగా, వైరు తప్ప.”

“వైరు చుట్టూ కూడా పూశానంటున్నావు. అయితే వైరు లోపల్నుంచే రావాలి. రాగి పోగుల మధ్య సందులుంటాయి. వేడి పెట్టెని చన్నీళ్లలో ముంచితే లోపలి గాలి ముడుచుకుని, సందు ఎక్కడ దొరికితే అక్కణ్ణుంచి పీలుస్తుంది. కానీ పీల్చినా గాలే రావాలి. వైరు రెండో కొస బల్ల మీద పొడిగా ఉంటుంది కదా.”

“టీ తెమ్మంటావా?”

“బల్ల మీదే ఉంటుంది కదా, బావా?”

“ఆమధ్య అది కాలికి తగులుకుని నువ్వు బోర్లా పడ్డావా, మీ అక్క నన్ను నానా మాటలూ అంది. అప్పట్నుంచీ చుట్టచుట్టి తొట్టిలోనే పడేస్తున్నాను.”